చద్దన్నం, శనగలు, ఇసబ్‌గోల్: పెద్దపేగు బాక్టీరియాకు నిజంగా అందేదేమిటి?

గంజికుండ

"పీచు తినండి, మంచి బాక్టీరియా పెరుగుతుంది" అన్న మాట ఇక్కడ ప్రతి చర్చలోనూ కనిపిస్తోంది. ఏ పీచు, ఏ బాక్టీరియా, ఎన్ని గ్రాములు అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. విషయం తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి మూడు ప్రశ్నలు పెడుతున్నాను.

1. అన్నంలోని పిండీ గ్లూకోజే, జొన్న పొట్టులోని సెల్యులోజూ గ్లూకోజే. ఒకటి గంటలో రక్తంలో తేలుతుంది, రెండోది చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా దిగుతుంది. తేడా ఎక్కడుంది?

2. చద్దన్నంలో రెసిస్టెంట్ స్టార్చ్, అంటే చిన్నపేగులో అరగని పిండి, పెరుగుతుందంటారు. ఎంత పెరుగుతుంది? మళ్లీ వేడి చేస్తే పోతుందా?

3. "కరిగే పీచు బాక్టీరియాకి, కరగని పీచు విరేచనానికి" అన్న విభజన సరైనదేనా?

బీటాబంధం

మొదటిదానికి నేను రాస్తాను. రెండు గ్లూకోజులు ఒకదాన్నొకటి పట్టుకునే తీరులోనే తేడా అంతా ఉంది.

పిండిలో ఆ పట్టు ఆల్ఫా-1,4. దానివల్ల గొలుసు మెలికలు తిరిగి స్ప్రింగులా తయారవుతుంది. పిండిలోనే ఒక రకమైన అమైలోపెక్టిన్‌లో అక్కడక్కడా ఆల్ఫా-1,6 కొమ్మలు కూడా ఉంటాయి. సెల్యులోజ్‌లో పట్టు బీటా-1,4. ప్రతి గ్లూకోజూ ముందుదానికి తలకిందులుగా అమరుతుంది, గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నటి గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో పురి వేసిన తాడులా బిగుసుకుంటాయి. నీళ్లు కూడా లోపలికి దూరలేవు.

ఈ బంధాలను తెంచే కత్తెరలు, అంటే ఎంజైములు, మన శరీరం దగ్గర చాలా తక్కువ. లాలాజలంలోనూ క్లోమరసంలోనూ ఉన్న అమైలేజ్ ఆల్ఫా-1,4ని మాత్రమే తెంచుతుంది. కొమ్మల దగ్గర మిగిలిన ముక్కల్ని చిన్నపేగు గోడకు అంటిపెట్టుకుని ఉండే మాల్టేజ్-గ్లూకోఅమైలేజ్, సుక్రేజ్-ఐసోమాల్టేజ్ పూర్తిచేస్తాయి. బీటా బంధాన్ని తెంచే లాక్టేజ్ ఉంది కానీ అది పాలచక్కెర కోసం. పిండి పదార్థాలను అరిగించడానికి మనిషి జన్యువుల్లో ఉన్న ఎంజైములన్నీ కలిపినా 20కి మించవు.

పెద్దపేగులో ఉండే బాక్టీరాయిడీస్ థీటాఅయోటామైక్రాన్ అనే ఒక్క బాక్టీరియా జన్యుపటంలోనే చక్కెర బంధాలను తెంచే ఎంజైములు 260కి పైగా ఉన్నాయి. ఆ పటాన్ని 2003లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ బృందం బయటపెట్టింది. అప్పటినుంచే ఈ రంగం రూపు మారింది.

మన వంటింట్లో ఏ పీచు గొలుసు ఎక్కడుందో ఒకసారి చూద్దాం. జొన్న, గోధుమ తవుడులో అరబినోజైలాన్. బార్లీ, ఓట్స్‌లో బీటా-గ్లూకాన్. జామకాయలో, బత్తాయి తొనల చుట్టూ ఉండే తెల్లటి పొరలో పెక్టిన్. ఉల్లి, వెల్లుల్లిలో ఇనులిన్ రకం ఫ్రక్టాన్లు. గోరుచిక్కుడు గింజలో, మెంతుల్లో గాలాక్టోమానన్. చింతపిక్కలో జైలోగ్లూకాన్. నేత మగ్గాల దగ్గర నూలుకు పెట్టే చింతపిక్కల గంజి అంటుకునే గుణం దీనిదే. ఆకుకూరలు, టమాటాల కణగోడల్లోనూ ఇదే జాతి గొలుసు ఉంటుంది. దీన్ని విప్పే జన్యువుల గుంపు బాక్టీరాయిడీస్ ఓవేటస్‌లో ఉందని 2014లో తేలింది. అలాంటి జన్యువులు దాదాపు అందరి పేగుల్లోనూ కనిపించాయి.

పొరచాటు

బీటాబంధం గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఎంజైములు ఎన్ని ఉన్నాయన్నదానికంటే అవి ఎక్కడ అమరి ఉన్నాయన్నది ముఖ్యం.

థీటాఅయోటామైక్రాన్ పిండిని తినే పద్ధతిని అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో అబిగైల్ సాల్యర్స్ విడమరిచారు. ఆ యంత్రాంగం పేరు సస్. బాక్టీరియా బయటి పొర మీద సస్-డి, ఇ, ఎఫ్ అనే ప్రోటీన్లు పిండి గొలుసును పట్టి ఉంచుతాయి. పక్కనే ఉన్న సస్-జి దాన్ని తుంచుతుంది, అది కూడా మరీ పొడి చేయకుండా ముక్కలు ముక్కలుగా. ఆ ముక్క సస్-సి అనే సొరంగంలోకి జారుతుంది. సస్-డి ఆ సొరంగానికి మూతలా పనిచేస్తుంది. కాలితో తొక్కితే తెరుచుకునే చెత్తబుట్ట మూత ఎలా కదులుతుందో అలాగే కదులుతుంది. లోపలికి వెళ్లాకే సస్-ఎ, సస్-బి వాటిని గ్లూకోజు దాకా తెంచుతాయి. మాల్టోజ్ తగలగానే సస్-ఆర్ ఈ జన్యువులన్నిటినీ ఒక్కసారిగా మేల్కొలుపుతుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, బయటే గ్లూకోజు దాకా తెంచితే పక్కనున్న బాక్టీరియా ఎగరేసుకుపోతుంది. ఒక్కో రకం గొలుసుకు ఇలాంటి ఒక్కో జన్యువుల గుంపు ఉంటుంది. ఈ ఒక్క బాక్టీరియాలోనే అవి 88 ఉన్నాయి. పెక్టిన్‌లో అతి చిక్కుముడి అనిపించే రామ్నోగాలాక్టురోనాన్-2 అనే భాగంలో 21 రకాల బంధాలు ఉంటాయి. ఒక్కటి తప్ప అన్నిటినీ ఇది తెంచగలదని 2017లో నిరూపించారు.

అందుకే "పీచు" అన్న ఒక్క మాట నాకు సరిపోదు. బంధం మారితే తినేవాళ్లు మారతారు.

గంజికుండ

ఇద్దరికీ ధన్యవాదాలు. మూత ఉదాహరణతో బాగా అర్థమైంది. మరి చద్దన్నం సంగతి? అన్నంలో ఉన్నవి ఆల్ఫా బంధాలే కదా, చల్లారినంత మాత్రాన బీటా అయిపోవు. మరి మన అమైలేజ్ ఎందుకు తెంచలేదు?

తార్నాక_వాసి

బంధం మారదు, అమరిక మారుతుంది. బియ్యం ఉడికేటప్పుడు గింజలోని పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, లోపలి స్ఫటికాలు కరిగిపోతాయి. గొలుసులు విడివిడిగా వేలాడుతుంటాయి కాబట్టి అమైలేజ్‌కి పని సులువు. చల్లారేకొద్దీ ఆ గొలుసులు జంటలుగా పెనవేసుకుని మళ్లీ గట్టి స్ఫటికాలు కడతాయి. దీన్నే రెట్రోగ్రెడేషన్ అంటారు. పెనవేసుకున్న చోట ఎంజైముకు చొరబడే సందు ఉండదు.

కొమ్మల్లేని అమైలోజ్ కొన్ని గంటల్లోనే ఇలా బిగుసుకుంటుంది. కొమ్మలున్న అమైలోపెక్టిన్‌కి రోజులు పడుతుంది. అందుకే బియ్యం రకం ముఖ్యం. అమైలోజ్ 25 శాతం దాటిన రకాల్లో ఇది ఎక్కువ. 20–25 మధ్య ఉన్నవి మధ్యస్థం. జిగట బియ్యంలో అమైలోజ్ 2 శాతం లోపే కాబట్టి ఎంత చల్లార్చినా పెద్ద ఫలితం ఉండదు.

ఇక అంకెలు. ఇండోనేషియాలో చేసి 2015లో ప్రచురించిన కొలతల ప్రకారం 100 గ్రాముల తెల్లన్నంలో రెసిస్టెంట్ స్టార్చ్ ఇలా ఉంది:

వేడివేడిగా: 0.64 గ్రాములు
గది వేడిమిలో 10 గంటలు ఉంచాక: 1.30 గ్రాములు
ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి మళ్లీ వేడి చేశాక: 1.65 గ్రాములు

రెండున్నర రెట్లు అని చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ పళ్లెంలో లెక్క వేయండి. 300 గ్రాముల అన్నం తింటే వేడిగా 2 గ్రాములు, చల్లార్చి వేడి చేస్తే 5 గ్రాములు. తేడా 3 గ్రాములు. ఆ 3 గ్రాములు 12 గ్రాముల శనగల్లోనే దొరుకుతాయి, అంటే గుప్పెడు కూడా కాదు. చద్దన్నం మంచిదే, నాకూ ఇష్టమే. అయితే దాన్ని పీచు లోటు తీర్చే మందులా ప్రచారం చేయడం తప్పు.

వేడి చేస్తే పోతుందా అంటే: అమైలోపెక్టిన్ స్ఫటికాలు 60 డిగ్రీల లోపే కరిగిపోతాయి. అమైలోజ్ స్ఫటికాలు కరగాలంటే 120 డిగ్రీలు దాటాలి. గిన్నెలో అన్నం 100 దాటదు కాబట్టి అవి మిగులుతాయి. పై మూడో అంకె వేడి చేసిన తరవాతదే, గమనించండి.

ఒక జాగ్రత్త. అన్నం వండినా బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి కుండలోనే ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ ఉడికించినా పోదు. కాబట్టి వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి చల్లార్చి, గంట, మహా అయితే రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికి తినేయాలి.

కొర్రకంకి

తార్నాక_వాసి గారూ, అంకెలతో నాకు పేచీ లేదు. కానీ మీరు ఫ్రిజ్ అన్నం, చద్దన్నం రెండింటినీ కలిపేశారు. నీళ్లు పోసి రాత్రంతా ఉంచిన చద్దన్నం, గంజి పులియబెట్టిన తరవాణి వేరే సరుకు. అందులో లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పెరిగి పులుపెక్కిస్తుంది. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 కిందికి దిగితే మీరన్న బాసిల్లస్ సీరియస్ పెరగదు. పాత తరవాణి కొద్దిగానో, గరిటెడు మజ్జిగో కలిపి పెట్టమనే ఆచారానికి కారణం ఇదే. మొదటి గంటల్లోనే పులుపు అందుకుంటుంది.

తార్నాక_వాసి

ఒప్పుకుంటున్నాను, విడదీసి చెప్పాల్సింది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. తరవాణిలో పెరిగే బాక్టీరియా, పెద్దపేగులో రెసిస్టెంట్ స్టార్చ్ తినే బాక్టీరియా ఒకటి కావు. పులుపు వల్ల కలిగే మేలు, స్ఫటికం వల్ల కలిగే మేలు వేర్వేరు లెక్కలు.

ల్యాబ్‌బెంచ్

చల్లారిన అన్నంలో రెసిస్టెంట్ స్టార్చ్ 6, 8 శాతం అని రాసే ప్రాజెక్టు రిపోర్టులు చాలా తిరుగుతున్నాయి. మామూలు బియ్యానికి అంత వచ్చిందంటే ముందు కొలతనే అనుమానించాలి. ఏఓఏసీ (ఆహార పరీక్షల పద్ధతులు నిర్ణయించే సంస్థ) వారి 2002.02 పద్ధతిలో ఎక్కడ తప్పుతుందో రాస్తాను, ఎమ్మెస్సీ విద్యార్థులకు పనికొస్తుంది.

100 మిల్లీగ్రాముల నమూనా తీసుకుని, క్లోమ అమైలేజ్, అమైలోగ్లూకోసిడేజ్ కలిపిన ద్రావణం 4 మిల్లీలీటర్లు పోసి, 37 డిగ్రీల దగ్గర 16 గంటలు కుదుపుతూ ఉంచాలి. అరిగే పిండి గ్లూకోజుగా మారిపోతుంది. ఆల్కహాల్ పోసి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైనీళ్లు వంపేయాలి. ఇలా మూడుసార్లు. అడుగున మిగిలిన ముద్దే మనకు కావాల్సింది. దాన్ని ఐసు నీళ్లలో ఉంచి, 2 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో 20 నిమిషాలు కరిగించాలి. 3.8 పీహెచ్ ఉన్న సోడియం ఎసిటేట్‌తో క్షారాన్ని తగ్గించి, అమైలోగ్లూకోసిడేజ్ వేసి 50 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. వచ్చిన గ్లూకోజును 510 నానోమీటర్ల దగ్గర కొలవాలి. చివర 0.9తో గుణించాలి. గ్లూకోజు బరువు 180, గొలుసులో ఉన్నప్పుడు నీటి అణువు పోయి 162, అందుకే ఆ 0.9.

తప్పులు జరిగేది ఇక్కడ:

అన్నాన్ని ఓవెన్‌లో వేడిగాలితో ఎండబెట్టి పొడి చేయడం. ఎండే గంటల్లోనే స్ఫటికాలు కట్టేస్తాయి, మీరు కొలిచేది ఓవెన్ చేసిన రెసిస్టెంట్ స్టార్చ్‌ని. తడి నమూనాను అలాగే నలిపి వాడండి, తేమ శాతం విడిగా కొలవండి.

ముద్దను కదపకుండా క్షారం పోయడం. పిండి పైపైన జిగురు కట్టి లోపల ఉండలా మిగిలిపోతుంది. కరగని ఉండ లెక్కలోకి రాదు, అంకె తగ్గుతుంది. గొట్టం అడుగున చిన్న అయస్కాంతపు కడ్డీ గిరగిరా తిరుగుతూ ఉండగా క్షారం పోయాలి. ద్రావణం తేటగా మారిందో లేదో కంటితో చూడాలి.

కడగడం రెండుసార్లతో ఆపేయడం. మిగిలిపోయిన మామూలు గ్లూకోజు కూడా రెసిస్టెంట్ ఖాతాలో పడుతుంది. 6 శాతం లాంటి అంకెలు ఇలా కూడా వస్తాయి.

చేతిలో విలువ తెలిసిన ప్రామాణిక నమూనా ప్రతి బ్యాచ్‌లో పెట్టండి. అది తప్పితే ఆ బ్యాచ్ మొత్తం పారేయండి.

ఇంకోటి. పాత ఏఓఏసీ 991.43 పద్ధతిలో మొత్తం పీచు కొలిస్తే రెసిస్టెంట్ స్టార్చ్‌లో చాలా భాగం, ఇనులిన్‌లో చాలా భాగం తప్పించుకుంటాయి. 2009.01 పద్ధతి వాటినీ పట్టుకుంటుంది. రెండు ప్యాకెట్ల మీది పీచు అంకెలు పోల్చేముందు ఏ పద్ధతో చూడాలి.

మెంతిగింజ

మూడో ప్రశ్నకు వస్తాను. "కరిగేది బాక్టీరియాకి, కరగనిది విరేచనానికి" అన్నది పాఠ్యపుస్తకాల కోసం చేసిన సులువు. ఇసబ్‌గోల్ ఒక్కటి చాలు అది కూలిపోవడానికి.

ఇసబ్‌గోల్ పొట్టు ప్లాంటాగో ఒవాటా గింజ మీది అరబినోజైలాన్. నీళ్లలో వేస్తే ఉబ్బి జెల్ కడుతుంది కాబట్టి "కరిగే" జాబితాలో వేస్తారు. కానీ దాని కొమ్మలు ఎంత దట్టంగా ఉంటాయంటే బాక్టీరియా ఎంజైములకు వెన్నెముక, అంటే మధ్యలోని అసలు గొలుసు, అందదు. పెద్దపేగు చివరిదాకా జెల్ జెల్‌గానే ఉండి నీటిని పట్టి ఉంచుతుంది. మలబద్ధకానికీ నీళ్ల విరేచనాలకూ రెండింటికీ పనికొచ్చేది అందుకే. బాక్టీరియాకు మేతగా మాత్రం అది చాలా పలచన.

ఇటు గోరుచిక్కుడు గింజ నుంచి తీసే గ్వార్ గమ్ చూడండి. అదీ చిక్కటి జెల్లే, కానీ బాక్టీరియా దాన్ని పూర్తిగా తినేస్తుంది. మానోజ్ వెన్నెముక మీద ప్రతి రెండు మానోజులకు ఒక గాలాక్టోజ్ ఉంటుంది. మెంతుల్లో దాదాపు ఒకటికి ఒకటి. గాలాక్టోజ్ ఎక్కువ ఉన్నకొద్దీ నీళ్లలో సులువుగా కరుగుతుంది.

అంటే అడగాల్సిన ప్రశ్నలు మూడు: నీళ్లలో కరుగుతుందా, చిక్కబడుతుందా, పులుస్తుందా (అంటే బాక్టీరియా తినగలదా)? మూడూ వేర్వేరు. ఇనులిన్ కరుగుతుంది, చిక్కబడదు, వేగంగా పులుస్తుంది. ఇసబ్‌గోల్ చిక్కబడుతుంది, పులవదు. గోధుమ తవుడు కరగదు, చిక్కబడదు, కొంతే పులుస్తుంది.

ఇసబ్‌గోల్ వాడేవాళ్లకు: ఒక మోతాదు 3.5 గ్రాములకు కనీసం 240 మిల్లీలీటర్ల నీళ్లు. కలిపిన వెంటనే తాగాలి, గడ్డకట్టేదాకా ఆగకూడదు. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి ఇరుక్కుంటుంది. మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు, పేగు ఎక్కడైనా సన్నబడిందని డాక్టరు చెప్పినవాళ్లు దీని జోలికి పోకూడదు.

కొర్రకంకి

శనగలు, అలసందలు తింటే వచ్చే గ్యాస్ గురించి కూడా రాయండి. పీచు పెంచాలనుకున్నవాళ్లు మూడో రోజే మానేసేది దాంతోనే.

బీటాబంధం

దాంట్లో మొదటి ముద్దాయిలు పొడవాటి గొలుసులు కావు, పొట్టివి. రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలు. వీటిని తెంచే ఆల్ఫా-గాలాక్టోసిడేజ్ మన చిన్నపేగులో లేదు. పెద్దపేగులో ఉండే బైఫిడోబాక్టీరియాలో పుష్కలంగా ఉంది. పొట్టివి కావడంతో పెద్దపేగు మొదట్లోనే గుప్పున పులిసిపోతాయి. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. మెథనోబ్రెవిబాక్టర్ స్మిథై అనే సూక్ష్మజీవి ఉన్నవాళ్లలో నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ కలిసి ఒక మీథేన్ అవుతుంది. ఐదు అణువుల వాయువు ఒకటికి తగ్గుతుంది. మీథేన్ ఎక్కువున్నవాళ్లలో పేగు కదలిక నెమ్మదించడం కూడా చూస్తాం.

తగ్గించడం ఎలా? శనగలకు మూడు నాలుగు రెట్లు నీళ్లు పోసి 12 గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయండి, ఇది ముఖ్యం. కొత్త నీళ్లతో ఉడికించండి. నానిన నీళ్లతోనే వండితే కరిగి బయటికొచ్చిన చక్కెరలన్నీ మళ్లీ కూరలోకే. మొలకెత్తిస్తే గింజ తన ఎంజైముతో తానే వీటిని వాడుకుంటుంది, రెండు రోజుల మొలకల్లో బాగా తగ్గుతాయి. ఇడ్లీ పిండిలో పెరిగే ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడీస్ అనే బాక్టీరియా మినప్పప్పులోని వాటిని కొంత తినేస్తుంది.

అయితే మొత్తం తీసేయాలన్న పట్టుదల వద్దు. బైఫిడోబాక్టీరియాకి అదే మేత. 20 గ్రాముల శనగలతో మొదలుపెట్టి వారానికి కొంత పెంచుకుంటూ పోతే చాలామందికి సర్దుకుంటుంది.

మెంతిగింజ

దానికి తోడు ఒక మంచి పరిశీలన. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (తరచూ కడుపునొప్పి, విరేచనంలో తేడాలు వచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్లకు 20 గ్రాముల ఇనులిన్ ఒక్కటే ఇచ్చి ఒకసారి, అంతే ఇసబ్‌గోల్ కలిపి ఇచ్చి ఒకసారి ఎమ్మారైలో పెద్దపేగు వాయువు కొలిచారు. కలిపి ఇచ్చినప్పుడు వాయువు తగ్గింది. జెల్‌లో చిక్కుకుంటే బాక్టీరియాకు మేత నెమ్మదిగా అందుతుందన్నది ఒక వివరణ. వేగంగా పులిసేదాన్ని చిక్కబడేదానితో కలిపి తినడం వంటింట్లోనూ చేసిచూడదగ్గ పనే.

పొరచాటు

పులిశాక ఏం పుడుతుందో కూడా రాయాలి. ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే పొట్టి కొవ్వు ఆమ్లాలు, స్థూలంగా 60:20:20 పాళ్లలో. బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం. వాటి శక్తిలో 70 శాతం దాకా దాన్నుంచే వస్తుంది. పెద్దపేగు మొదట్లో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి పీహెచ్ 5.5–6 ఉంటుంది, చివరికి వెళ్లేసరికి 7 దగ్గరకు చేరుతుంది.

పరిశోధన వ్యాసాలు చదివేవాళ్లు ఒక బోల్తా గమనించాలి. పుట్టిన ఆమ్లాల్లో 95 శాతం పేగు గోడే పీల్చేసుకుంటుంది. మలంలో కొలిచేది ఆ మిగిలిన కొసరు. మలంలో బ్యూటిరేట్ పెరిగిందంటే ఎక్కువ పుట్టిందని కావచ్చు, విరేచనం త్వరగా అయిపోయి పీల్చుకోలేదని కూడా కావచ్చు.

బ్యూటిరేట్ ఒకరు చేసే పని కాదు. స్కాట్లాండ్‌లో అబర్డీన్‌లోని రోవెట్ సంస్థ 2012లో రుమినోకాకస్ బ్రోమీ గురించి రాసింది చూడండి. రెసిస్టెంట్ స్టార్చ్ స్ఫటికాన్ని మొదట పగలగొట్టేది అదే. పగలగొట్టి, విడిపోయిన చక్కెరలో చాలా భాగం చుట్టూ ఉన్నవాటికి వదిలేస్తుంది. అది బ్యూటిరేట్ చేయదు. యూబాక్టీరియం రెక్టేల్ లాంటివి ఆ చక్కెర తిని చేస్తాయి. ఇటు బైఫిడోబాక్టీరియా చేసిన ఎసిటేట్, లాక్టేట్‌లను కూడా వాడుకుని బ్యూటిరేట్ చేసేవి ఉన్నాయి. బ్రోమీ లేని పేగులో రెసిస్టెంట్ స్టార్చ్ చాలావరకు అలాగే బయటికి పోవచ్చు.

గంజికుండ

అంటే ఒకే తిండి ఇద్దరిలో వేరేగా పనిచేయడానికి కారణం ఇదేనా?

పొరచాటు

పెద్ద కారణం ఇదే. మిషిగన్ విశ్వవిద్యాలయం 2019లో యువకులకు పచ్చి బంగాళదుంప పిండి, మొక్కజొన్న రెసిస్టెంట్ స్టార్చ్, చికరీ ఇనులిన్ విడివిడిగా ఇచ్చి చూసింది. సగటున బ్యూటిరేట్ పెరిగింది బంగాళదుంప పిండితోనే. ఆ గుంపులోనూ పెరగనివాళ్లున్నారు.

కెనడాలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం 2020లో ఇంకా నిశితంగా చూపించింది. రసాయనికంగా మార్చిన రెండు రెసిస్టెంట్ స్టార్చులు, రెండూ ఆల్ఫా గ్లూకోజు గొలుసులే. మొక్కజొన్నది యూబాక్టీరియం రెక్టేల్‌ని పెంచి బ్యూటిరేట్ వైపు తీసుకెళ్లింది. కర్రపెండలంది పారాబాక్టీరాయిడీస్ డిస్టాసోనిస్‌ని పెంచి ప్రొపియోనేట్ వైపు తీసుకెళ్లింది. మోతాదు రోజుకు 35 గ్రాముల దాకా పెంచితే ప్రభావం పెరిగింది, ఆపైన పెద్దగా మారలేదు.

ఇందులో కర్రపెండలం అని చూసి సగ్గుబియ్యం కొనకండి. సగ్గుబియ్యం కూడా ఆ దుంప పిండే, కానీ ఉడికాక దాదాపు మొత్తం చిన్నపేగులోనే అరిగిపోతుంది.

ల్యాబ్‌బెంచ్

అరటికాయ గురించి కూడా ఇలాగే మోసపోతారు. పచ్చి అరటికాయ పిండిలో రెసిస్టెంట్ స్టార్చ్ ఎక్కువే, రేణువు బిగుతుగా ఉంటుంది కాబట్టి. కూర వండితే 70 డిగ్రీల చుట్టుపక్కలే ఆ రేణువు ఉబ్బి కరుగుతుంది. వేపుడు తిని పచ్చి పిండి ఫలితాలు ఆశించకూడదు.

తార్నాక_వాసి

వంటతో పోని రకం ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయడం లేదు. ఉడికించిన శనగను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా ఇసుకలా విడిపోతుంది. ఆ ఒక్కో రవ్వలో బీజదళపు కణాలు విడివిడిగా, చాలావరకు గోడలు చెక్కుచెదరకుండానే ఉంటాయి. ఉడికినప్పుడు కణాల మధ్య సిమెంటులా ఉన్న పెక్టిన్ కరుగుతుంది, కణాలు ఒకదాన్నుంచి ఒకటి ఊడొస్తాయి, గోడ మాత్రం పగలదు. నమిలినా చాలావరకు పగలదు. లోపలి పిండి గోడ చాటున పెద్దపేగు దాకా ప్రయాణిస్తుంది.

అదే శనగను పచ్చిగా మరపట్టి శనగపిండి చేస్తే కణాలే ముక్కలవుతాయి. పిండి బయటపడుతుంది. ప్యాకెట్ మీది పీచు అంకె రెండింటికీ ఒకటే కనిపించినా, పెద్దపేగుకు చేరే మేత ఒకటి కాదు. నా లెక్కలో గుగ్గిళ్లకూ బజ్జీకీ మధ్య నూనెను మించిన తేడా ఇది.

కొర్రకంకి

పీచు బొత్తిగా తగ్గితే బాక్టీరియా ఏం తింటుంది? చస్తుందా?

బీటాబంధం

కొన్ని తగ్గిపోతాయి. కొన్ని మన పేగు గోడ మీది జిగురు పొరను తింటాయి. ఆ పొర కూడా చక్కెర గొలుసులతో అల్లిందే. 2016లో వచ్చిన ఒక ప్రయోగంలో సూక్ష్మజీవుల్లేని ఎలుకలకు మనిషి పేగుకు చెందిన 14 బాక్టీరియాలు ఎక్కించి, పీచు లేని మేత పెట్టారు. జిగురు తినే అకర్‌మాన్సియా, బాక్టీరాయిడీస్ కాకే అనే బాక్టీరియాలు పెరిగి జిగురు పొర పలచబడింది. ఎలుకల పేగుకు జబ్బు చేసే సిట్రోబాక్టర్ రోడెన్షియం అనే బాక్టీరియా సోకినప్పుడు వాటికి జబ్బు తీవ్రంగా వచ్చింది. అదే ప్రయోగంలో శుద్ధిచేసిన పీచు పొడుల మిశ్రమం ఇచ్చినా పొర నిలబడలేదు, పూర్తి ధాన్యాల మేతతోనే నిలబడింది. ఇది ఎలుకల్లో, 14 బాక్టీరియాలతో. మనిషికి నేరుగా అంటగట్టకూడదు. కానీ డబ్బాలో పొడి కొని జొన్నలు మానేసేవాళ్లు ఆలోచించాల్సిన విషయమే.

బాక్టీరియా కొత్త కత్తెర సంపాదించుకోవడం కూడా జరుగుతుంది. జపాన్‌లో నోరి అనే సముద్రపు నాచులో పోర్ఫిరాన్ అనే గొలుసు ఉంది. దాన్ని తెంచే జన్యువులు సముద్ర బాక్టీరియా నుంచి అక్కడివాళ్ల పేగులోని బాక్టీరాయిడీస్ ప్లెబియస్‌కి చేరినట్టు 2010లో కనుక్కున్నారు. తరతరాలుగా పచ్చి నాచు తిన్న ఫలితం.

గంజికుండ

చివరిగా పళ్లెం లెక్క ఎవరైనా వేయగలరా? రోజుకు ఎంత, దేనిలోంచి?

తార్నాక_వాసి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార పట్టికల ప్రకారం వండని 100 గ్రాముల్లో పీచు సుమారుగా: తెల్ల బియ్యం 3, జొన్న 10, రాగి 11, సజ్జ 11, కందిపప్పు 9, శనగపప్పు 15, పొట్టుతో శనగలు 25 గ్రాములు.

రోజుకు 300 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు తింటే 12, 13 గ్రాముల దగ్గర ఆగుతాం. అందులో సగం బియ్యం తీసి 100 గ్రాముల జొన్నపిండి రొట్టెలు, సాయంత్రం 40 గ్రాముల శనగలు చేర్చితే 28కి చేరుతుంది. కూరలు, పళ్లు దీనికి అదనం. ఒక్కసారిగా దూకొద్దు, వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి, నీళ్లు కూడా పెంచండి. శనగలతోనే సరిపెట్టకుండా పప్పుధాన్యం, చిరుధాన్యం, ఆకుకూర, ఉల్లి మార్చిమార్చి తినండి. పైన చెప్పిన జన్యువుల గుంపులు ఒక్కోదానికి ఒక్కో మేత కావాలి.

కొర్రకంకి

ఫ్రిజ్ అన్నం వేడి చేయడానికి కుక్కర్ వాడొచ్చా? పైన 120 డిగ్రీలు అన్నారు.

ల్యాబ్‌బెంచ్

విజిల్ వచ్చే ఒత్తిడిలో కుక్కర్ లోపల 120 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది, అంటే అమైలోజ్ స్ఫటికాలు కరగడం మొదలయ్యే అంచుకు. అంత వేడి అవసరం లేదు. మూత పెట్టిన గిన్నెలో రెండు చెంచాల నీళ్లు చల్లి, అన్నం అంతా పొగలు వచ్చేదాకా ఆవిరి మీద ఉంచండి. ఒకసారి వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకండి.